తాళంచెవుల గుత్తిలో అలారం రిమోట్: మీ ప్రశ్నలు, మా జవాబులు

సంక్రాంతికి ఇంటికి తాళం వేసి ఊరెళ్ళే రోజులు దగ్గరపడితే దొంగల అలారాల గురించి ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి వాటిలో ఎక్కువ భాగం ప్యానెల్ (సెన్సర్ల, రిమోట్ల సిగ్నల్ అందుకుని సైరన్ మోగించే ప్రధాన పెట్టె) గురించి కాదు, తాళంచెవులకు తగిలించుకునే కీ ఫాబ్ గురించే. నగరంలో చాలామంది దాన్ని రిమోట్ అనే అంటారు కాబట్టి మేమూ ఆ మాటే వాడుతున్నాం.

*ప్రశ్న: కోఠి గుజరాతీ గల్లీలో అలారం కిట్ కొన్నాం. దాంతో వచ్చిన రెండు రిమోట్లూ బాగానే పనిచేస్తున్నాయి. మా అబ్బాయి కోసం ఆన్‌లైన్‌లో ఇంకొకటి తెప్పించాం. ప్యానెల్ దాన్ని అసలు గుర్తించడం లేదు. బిగించిన కుర్రాడు ఫోన్ ఎత్తడం లేదు. మేమే జత చేసుకోవచ్చా? — కూకట్‌పల్లి పాఠకురాలు*

చేసుకోవచ్చు. అయితే ముందు ఆ మూడో రిమోట్ మీ ప్యానెల్‌కు సరిపడేదేనా చూడండి. మన దుకాణాల్లో దొరికే మామూలు కిట్లు ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్ రేడియో ఫ్రీక్వెన్సీ మీద పనిచేస్తాయి. ఖరీదైనవి కొన్ని 868 మీద. చౌకగా ఆన్‌లైన్‌లో వచ్చేవాటిలో 315 మెగాహెర్ట్జ్ రిమోట్లు కూడా కలిసిపోతుంటాయి. పైకి రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. 315 రిమోట్‌ను తెల్లారేదాకా నొక్కినా 433 ప్యానెల్‌కు వినపడదు. రిమోట్ మూత విప్పితే బోర్డు మీద వెండిరంగు డబ్బీలాంటి చిన్న భాగం కనిపిస్తుంది. దాని మీద 315 అనో 433 అనో అంకె ఉంటుంది. ఫ్రీక్వెన్సీ కలిసినా కోడ్ పద్ధతి వేరైతే జత కుదరదు. ప్రతిసారీ కోడ్ మారే రోలింగ్ కోడ్ ప్యానెళ్లు సాధారణంగా తమ కంపెనీ రిమోట్‌నే ఒప్పుకుంటాయి. ఎప్పుడూ ఒకే కోడ్ వాడే ఈవీ 1527 చిప్ రకం చౌక ప్యానెళ్లకు మాత్రం అదే చిప్ ఉన్న రిమోట్ ఎవరిదైనా చెల్లుతుంది.

ఇక జత చేయడం. ముందు అలారం ఆఫ్‌లో ఉండాలి. ఆన్‌లో ఉంటే ప్యానెల్ ప్రోగ్రామింగ్‌లోకి వెళ్ళనివ్వదు. ప్యానెల్ మూత విప్పాల్సి వస్తే ముందుగా మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టండి. లేదంటే పెట్టె ఎవరైనా విప్పితే పసిగట్టడానికి లోపలున్న టాంపర్ స్విచ్ కదిలి సైరన్ మోగుతుంది. కొత్త రిమోట్‌లో సెల్ దగ్గర సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాన్ని లాగేయండి. ఇది మర్చిపోయి రిమోట్ పాడైందని తిప్పి పంపేవాళ్ళు తక్కువేం కాదు.

కీప్యాడ్ ఉన్న ప్యానెల్ అయితే ఇన్‌స్టాలర్ కోడ్ (బిగించేవాళ్ళు వాడేది) కావాలి. మీరు రోజూ వాడే మాస్టర్ కోడ్ కాదది. మెనూలో కీ ఫాబ్ లేదా రిమోట్ అన్న చోటికి వెళ్ళి, ఖాళీగా ఉన్న నంబరు ఎంచుకుని, యాడ్ నొక్కండి. సాధారణంగా అర నిమిషం నుంచి నిమిషం దాకా గడువు ఇస్తుంది. ఆలోపు రిమోట్ మీద ఏదో ఒక బటన్ నొక్కితే బీప్ వస్తుంది. కీప్యాడ్ లేని చౌక ప్యానెల్‌లో లెర్న్ అనే చిన్న బటన్ ఉంటుంది. దాన్ని క్షణంసేపు నొక్కితే ఎల్‌ఈడీ వెలుగుతుంది, అప్పుడు రిమోట్ నొక్కాలి. లెర్న్ బటన్‌ను మాత్రం అదే పనిగా పట్టుకోకండి. చాలావాటిలో ఎనిమిది పది సెకన్లు పట్టుకుంటే అప్పటిదాకా నేర్చుకున్నవన్నీ చెరిగిపోతాయి.

రిమోట్‌ను ప్యానెల్‌కు ఆనించి నొక్కడం చాలామందికి అలవాటు. మరీ దగ్గరైతే సిగ్నల్ ఎక్కువై రిసీవర్ తికమకపడుతుంది. మీటరో రెండు మీటర్లో దూరంగా నిలబడండి. బీప్ రాగానే పని అయిపోయిందనుకోవద్దు. ప్రోగ్రామింగ్ నుంచి సక్రమంగా బయటికి వస్తేనే కొన్ని ప్యానెళ్లు సేవ్ చేస్తాయి.

తర్వాత నాలుగు బటన్లూ ఒక్కొక్కటిగా పరీక్షించండి. మూసిన తాళం బొమ్మ పూర్తి అలారం, తెరిచిన తాళం ఆఫ్, ఇంటి బొమ్మ ఉన్నది మీరు ఇంట్లో ఉండగా తలుపుల సెన్సర్లు మాత్రమే పనిచేసే స్టే మోడ్, నాలుగోది ఆపదలో సైరన్ మోగించే ఎస్ఓఎస్. కిట్లలో ఎక్కువగా సైరన్ ఒకసారి కూస్తే ఆన్, రెండుసార్లు కూస్తే ఆఫ్. ఎస్ఓఎస్‌ను కొన్నింటిలో రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. నొక్కే ముందు పక్కింటివాళ్ళకు చెప్పండి. ప్యానెల్ మీ ఫోన్‌కు కాల్ చేసే రకమైతే అందులోని సిమ్ కూడా ఈ సందర్భంగా చూడండి. ప్యానెల్ 2జీ మాత్రమే పట్టేదైతే జియో సిమ్ అందులో పనిచేయదు, ఆ కంపెనీకి 2జీ నెట్‌వర్కే లేదు.

ఇంకొక్క మాట. ఏ నంబరు రిమోట్ ఎవరిదో ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. 1 అమ్మ, 2 నాన్న, 3 అబ్బాయి అని రాస్తే చాలు. దీని అవసరం ఏమిటో కింద అత్తాపూర్ ఉత్తరం చదివితే తెలుస్తుంది.

*ప్రశ్న: రిమోట్ జత అయింది, కానీ ఏ బటన్ నొక్కినా సైరన్ మోగుతోంది. — ఉప్పల్ పాఠకుడు*

రిమోట్‌ను సెన్సర్ల జాబితాలో నేర్పించారు. ఇప్పుడు ప్యానెల్ దృష్టిలో అది తలుపు సెన్సరే. బటన్ నొక్కితే తలుపు తెరుచుకున్నట్టు. ఆ సెన్సర్ల జాబితాలోంచి తీసేసి రిమోట్ల విభాగంలో మళ్ళీ జత చేయండి.

దీనికే మరో రూపం: సైరన్ మోగదు కానీ రిమోట్ పట్టుకుని బయటికి వెళ్ళిన కొన్ని గంటలకు ప్యానెల్ 'వైర్‌లెస్ ఫాల్ట్' అని బీప్ కొడుతుంది. తలుపు సెన్సర్లు ఎవరూ ముట్టుకోకపోయినా అప్పుడప్పుడు తామున్నామని సిగ్నల్ పంపుతుంటాయి. రిమోట్ నొక్కితే తప్ప పలకదు. పైగా మీతోపాటు ఆఫీసుకు వచ్చేస్తుంది. దాన్నీ ప్యానెల్ హాజరు అడుగుతోందంటే సూపర్‌విజన్ ఆన్‌లో పెట్టి జత చేశారన్నమాట. ఆ ఒక్క నంబరుకు సూపర్‌విజన్ తీసేయండి.

*ప్రశ్న: మాది కొంపల్లిలో గేటెడ్ కమ్యూనిటీ. రెండిళ్ళ అవతలివాళ్ళు తమ గేటు రిమోట్ నొక్కితే మా అలారం ఆఫ్ అవుతోంది! రెండుసార్లు స్వయంగా చూశాం. ఇదెలా సాధ్యం?*

సాధ్యమే. మీ అలారం రిమోట్‌లోనూ వాళ్ళ గేటు రిమోట్‌లోనూ పాత పీటీ 2262 తరహా చిప్ ఉండి ఉంటుంది. అందులో కోడ్‌ను నిర్ణయించే చిరునామా కాళ్ళు (చిప్ పిన్నులు) ఎనిమిది. ఒక్కో కాలిని మూడు రకాలుగా పెట్టొచ్చు: పాజిటివ్‌కు కలపడం, నెగటివ్‌కు కలపడం, దేనికీ కలపకుండా వదిలేయడం. మూడును ఎనిమిదిసార్లు గుణిస్తే 6,561 కోడ్లు. చాలినన్ని ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ బిగించేవాళ్ళు ఒక్క కాలూ ముట్టుకోకుండా ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే వదిలేస్తారు. అప్పుడు వీధి మొత్తానికీ ఒకే కోడ్.

తాత్కాలిక మార్గం ఉంది. రిమోట్ విప్పితే ఆ కాళ్ళకు రెండు వైపులా ఎల్ (నెగటివ్), హెచ్ (పాజిటివ్) అనే వరుసలు కనిపిస్తాయి. నాలుగైదు కాళ్ళను కొన్ని ఎల్ వైపు, కొన్ని హెచ్ వైపు చుక్క సోల్డర్‌తో కలపాలి. ఒకే కాలిని రెండు వైపులా కలిపితే సెల్ షార్ట్ అవుతుంది, జాగ్రత్త. ఇంట్లోని రిమోట్లన్నిటికీ ఒకే అమరిక చేసి, ప్యానెల్‌లో పాతవి చెరిపి మళ్ళీ నేర్పించాలి. ప్యానెల్ నేర్చుకునే రకం కాకుండా లోపల అవే కాళ్ళున్న రకమైతే అక్కడా అదే అమరిక చేయాలి.

మా అభిప్రాయం అడిగితే ఆ శ్రమ కన్నా ప్యానెల్ మార్చడమే మేలు. ఈవీ 1527లో పది లక్షలకు పైగా కోడ్లున్నాయి, కాబట్టి పక్కింటి రిమోట్‌తో కలవడం అరుదు. కానీ అదీ ఎప్పుడూ ఒకే కోడ్ పంపుతుంది. దగ్గరలో నిలబడి ఆ సిగ్నల్ పట్టుకున్నవాడు తిరిగి అదే పంపితే మీ అలారం ఆగిపోతుంది. తాళంచెవులు చేసే దుకాణంలో రెండు నిమిషాల్లో డూప్లికేట్ అయ్యే రిమోట్ అంటే ఈ రకమే. కొనేటప్పుడు రోలింగ్ కోడ్ అని అడిగి తీసుకోండి. అందులో నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది, పాతది మళ్ళీ చెల్లదు.

రోలింగ్ కోడ్‌కు ఒక చిన్న చిక్కు ఉంది. ఈ రిమోట్‌లో లోపల ఒక లెక్క నడుస్తుంటుంది, ప్యానెల్ ఆ లెక్కకు కాస్త ముందుదాకానే ఒప్పుకుంటుంది. బాగా వాడుకలో ఉన్న కీలాక్ (KeeLoq) చిప్‌ల పద్ధతిలో ఈ హద్దు 16 నొక్కులు. పిల్లలు మేనమామ ఇంట్లో రిమోట్‌తో ఆడుతూ ముప్పైసార్లు నొక్కితే, మీరు ఇంటికి వచ్చి నొక్కినప్పుడు అది పనిచేయదు. కంగారుపడకండి, వెంటనే ఇంకోసారి నొక్కండి. వరుసగా వచ్చిన రెండు కోడ్లు చూసి ప్యానెల్ లెక్క సరిచేసుకుంటుంది.

*ప్రశ్న: ఎ.ఎస్. రావు నగర్‌లో మాది రెండంతస్తుల ఇల్లు. పెట్టె మీద 100 మీటర్లని రాశారు. గేటు దగ్గర, అంటే పన్నెండు మీటర్ల నుంచి కూడా రిమోట్ పనిచేయడం లేదు.*

ఆ 100 మీటర్లు పరేడ్ గ్రౌండ్స్‌లాంటి ఖాళీ మైదానంలో లెక్క. కాంక్రీటు స్లాబు, దానిలోని ఇనుప చువ్వలు, స్టీలు తలుపు, బీరువా, ఫ్రిజ్ అన్నీ సిగ్నల్‌ను తినేస్తాయి. మీ ప్యానెల్ మెట్ల కింద ఇనుప మీటరు పెట్టె పక్కనే ఉందని రాశారు. మొదటి తప్పు అదే. గేటుకూ దానికీ మధ్య ఇనుము లేని గోడ మీదికి, మనిషి తల కన్నా ఎత్తుకు మార్చండి. సెట్‌టాప్ బాక్సు, చౌక ఎల్‌ఈడీ లైట్ల డ్రైవర్లు, ఫోన్ ఛార్జర్లు కూడా సిగ్నల్‌కు అడ్డుపడే రేడియో రొద చేస్తాయి. కనీసం మీటరు దూరం ఉండాలి.

తర్వాత యాంటెన్నా చూడండి. చాలా ప్యానెళ్లలో అది ఒట్టి వైరు ముక్కే. 433.92 మెగాహెర్ట్జ్‌కు తరంగం పొడవు సుమారు 69 సెంటీమీటర్లు, అందులో పావు వంతు 17.3 సెంటీమీటర్లు. అందుకే ఆ వైరు సరిగ్గా అంత ఉంటుంది. మూత పట్టడం లేదని దాన్ని చుట్టలు చుట్టి లోపలికి తోసేస్తారు. కొందరైతే కత్తిరించేస్తారు. తెగిపోయి ఉంటే 17.3 సెంటీమీటర్ల మామూలు రాగి వైరు సోల్డర్ చేసి నిటారుగా వదలండి. 868 ప్యానెల్‌కు అందులో సగం, అంటే 8.6 సెంటీమీటర్లు. పొడవు పెంచితే దూరం పెరుగుతుందన్నది భ్రమ.

*ప్రశ్న: సెల్ మారిస్తే మళ్ళీ జత చేయాలా? ఏ సెల్ వేయాలి? — మలక్‌పేట పాఠకుడు*

అక్కర్లేదు. రిమోట్ గుర్తింపు సంఖ్య చిప్‌లోనే ఉంటుంది, సెల్ తీసినా పోదు. పాత సెల్ మీదున్న అంకె చూసి అదే వేయండి. సీఆర్ 2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. 2025 సెల్ అందులో పట్టేస్తుంది కానీ పలచన, కాబట్టి వదులుగా ఉండి బటన్ ఒకసారి పనిచేస్తే రెండుసార్లు పనిచేయదు. కొన్ని రిమోట్లలో రెండు 2016 సెల్స్ ఒకదానిపై ఒకటి ఉంటాయి, మొత్తం 6 వోల్టులు. ఆ రెండూ కలిపిన మందం సరిగ్గా ఒక 2032 అంత. అందుకే తీసేముందు ఫోటో తీసి పెట్టుకోండి. చిన్న పెన్సిల్ సెల్‌లా కనిపించేది 23ఏ లేదా 27ఏ, 12 వోల్టులది.

మల్టీమీటరులో కొత్త లిథియం సెల్ 3 వోల్టుల పైన చూపిస్తుంది. అయితే పాతది 2.9 చూపించినా మోసపోకండి. బటన్ నొక్కి పట్టుకుని కొలిస్తే అసలు బండారం బయటపడుతుంది. వానాకాలంలో సెల్ తాకే రేకు మీద పచ్చటి చిలుము పడితే రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద రిమోట్ వదలడం సెల్‌కు మంచిది కాదు.

పాత సెల్‌కు టేపు చుట్టి అప్పుడే పారేయండి. చిన్నపిల్లలు మింగితే అది గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. మింగారని అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా, లక్షణాల కోసం ఆగకుండా, ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి.

*ప్రశ్న: ఎంజీబీఎస్ దగ్గర రిమోట్, ఇంటి తాళంచెవులు కలిపి పోగొట్టుకున్నాను. ఏం చేయాలి? — అత్తాపూర్ పాఠకురాలు*

ఇవాళే రెండు పనులు: తాళం మార్చడం, ఆ రిమోట్ చెరపడం. కీప్యాడ్ మీద కోడ్ తెలియాలి, రిమోట్‌కు ఆ అవసరం లేదు. అది ఎవరికి దొరికితే వాళ్ళే యజమాని. పోయింది రెండో నంబరుదని మీ కాగితంలో రాసి ఉంటే ఆ ఒక్కదాన్నే తీసేస్తే సరిపోతుంది. రాసుకోకపోతే ఒక్కో నంబరూ చెరిపి, చేతిలో ఉన్న రిమోట్లలో ఏది ఆగిపోయిందో చూసుకోవాలి. ఏదీ ఆగకపోతే పోయినది అదే. చౌక ప్యానెల్‌లో ఒక్కదాన్నే చెరిపే వీలుండదు. అన్నీ చెరిపి, చేతిలో ఉన్న రిమోట్లనూ, సెన్సర్లూ అదే మెమరీలో ఉంటే వాటినీ మళ్ళీ నేర్పించాలి. ఒక పూట పని.

కొత్త రిమోట్‌ను ఇంటి తాళంతో ఒకే గుత్తికి తగిలించకండి. ఫ్లాటు నంబరు, అపార్ట్‌మెంట్ పేరు ఉన్న కీచైన్ అసలే వద్దు. పనిమనిషికి రిమోట్ ఇవ్వాల్సి వస్తే, ప్యానెల్‌లో వీలుంటే ఆన్ చేయడానికి మాత్రమే అనుమతి ఇవ్వండి. ఆవిడ వెళ్తూ అలారం వేసి వెళ్ళగలదు, తీయడం మాత్రం మీ చేతిలో ఉంటుంది.