సమాధానం: క్లోరిన్ బిళ్ళ వేసినా వాగు నీళ్ళు ఎందుకు పడలేదు?

నల్లమల వాగు నీళ్ళలో క్లోరిన్ బిళ్ళ వేసుకుని తాగినా మీ గుంటూరు బృందంలో నలుగురికి విరేచనాలు పట్టుకున్నాయన్నారు. నీళ్ళు ఎర్రగా ఉన్నాయనీ, పది నిమిషాలకే తాగేశామనీ మీరే రాశారు. తేడా అక్కడే వచ్చి ఉంటుందండీ. బురద క్లోరిన్‌ను తినేస్తుంది, క్రిములకు మిగలదు.

కృష్ణకు కొత్తనీరు వచ్చినప్పుడు బిందెలో పటిక తిప్పేవాళ్ళు కదా, ముందు అదే చెయ్యండి. ముక్కను అర నిమిషం తిప్పి, గంటసేపు కదపకుండా వదిలెయ్యండి. తేరాక పై నీళ్ళు మాత్రమే నాలుగు మడతల పాత నూలు చీర గుడ్డలో వడకట్టాలి. అడుగు మడ్డి కదిలిందా, మళ్ళీ మొదటికే. తేటగా ఉన్నాయని అప్పుడే తాగెయ్యకండి. పటిక మట్టిని దించుతుందంతే, క్రిముల్ని చంపదు. ఇప్పుడు బిళ్ళ: అట్ట మీద రాసిన లీటర్ల లెక్కకు ఒకటి, కనీసం 30 నిమిషాలు. మూత కాస్త వదులు చేసి సీసా వంచి, మూత బిగించే మరచుట్ల మీదకూ ఆ నీళ్ళు పారనివ్వండి. అక్కడ అంటుకున్న పచ్చినీళ్ళూ దెబ్బతీయవచ్చు.

స్టవ్‌కు అనుమతి ఉన్న చోట మరిగించడమే మేలు: తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం. క్లోరిన్‌కు లొంగని క్రిప్టోస్పోరిడియం అనే విరేచనాల క్రిమి కూడా దాంతో చస్తుంది. గిన్నెలు మాత్రం వాగులో సబ్బుతో కడగొద్దండీ, దుప్పులు తాగేదీ ఆ నీళ్ళే.