యూనివర్సిటీలో ఏ డిపార్ట్‌మెంటుకు ఎంత డబ్బు అన్నది ఎలా తేలుస్తారు?

విద్యార్థులు ఎక్కువున్న డిపార్ట్‌మెంటుకే నిధులు ఎక్కువ రావాలి కదా అని మీ ప్రశ్న. లెక్క అంత సూటిగా ఉండదు. ముందే చెప్పాలంటే, బడ్జెట్లో సింహభాగం జీతాలకే పోతుంది. ఏటా నిజంగా పంచుకునేది మిగిలిన కొంచెమే.

చాలాచోట్ల నడిచేది పాత పద్ధతి: పోయినేడాది ఇచ్చినదానికి కాస్త కలిపి ఇచ్చేయడం. గొడవ తక్కువ. కాకపోతే క్లాసులు సగం ఖాళీ అయిన డిపార్ట్‌మెంటుకూ అదే వాటా వెళ్తూ ఉంటుంది.

రెండోది ఫార్ములా. ఇక్కడ తలలు లెక్కపెట్టి ఊరుకోరు, ఒక్కో సబ్జెక్టుకు ఒక వెయిటేజీ ఇస్తారు. చరిత్రకు 1, కెమిస్ట్రీకి 2 అనుకుందాం. చరిత్రలో 100 మంది, కెమిస్ట్రీలో 60 మంది ఉంటే, మందిని వెయిటేజీతో గుణిస్తే వచ్చే పాయింట్లు 100, 120. తక్కువ మంది ఉన్న కెమిస్ట్రీకే ఎక్కువ వస్తుంది. రసాయనాలు, గాజుసామాను, ల్యాబ్ అసిస్టెంట్ అన్నీ కావాలి మరి. అసలు పోట్లాటంతా ఆ 2 అనే అంకె దగ్గరే!

ఇంకొకటి, ఎవరి ఫీజులు వాళ్లే ఉంచుకుని కరెంటు, లైబ్రరీ ఖర్చుల్లో తమ వంతు కట్టడం. అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ 1970ల్లోనే దీనికి మారింది. ఇందులో ఒక చిక్కుంది. తమ విద్యార్థులకు పాఠం చెప్పినందుకు ఫీజు వాటా మ్యాథ్స్ డిపార్ట్‌మెంటుకు పోకుండా, లెక్కలు కూడా మేమే చెప్పుకుంటామని ఇంజినీరింగ్ వాళ్లు మొదలుపెడతారు.

నన్నడిగితే, ఏ పద్ధతి పెట్టినా కొంత సొమ్ము వైస్ ఛాన్సలర్ చేతిలో విడిగా ఉండాలి. పదిమందే చదివే ప్రాచీన భాషల్లాంటివి ఏ ఫార్ములాలోనూ నిలబడవు.