టెక్ సందేహాలు: వేగం సరే, ఆ కార్డులో ఏముందో చూశారా?

ప్రశ్న: రాస్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ బోర్డు, ఒక 18650 రీచార్జబుల్ బ్యాటరీతో జేబులో పట్టే గేమ్ మెషీన్ చేసుకున్నాను. గేములన్నీ ఉన్న ఇమేజ్ టెలిగ్రామ్‌లో దొరికితే కార్డులోకి ఎక్కించాను. నింటెండో 64 గేములు నెమ్మదిగా ఉన్నాయని ఆర్మ్ ఫ్రీక్ (ప్రాసెసర్ వేగం) 1300, ఓవర్ వోల్టేజ్ (దానికిచ్చే అదనపు వోల్టేజీ) 6 పెట్టాను. కాసేపటికే హ్యాంగ్ అవుతోంది. వైఫై మా నాన్నగారి ఆపలే సర్కార్ సేవా కేంద్రానిది (మహారాష్ట్రలో మీసేవ లాంటిది). ఇంకెంత పెంచొచ్చు?
– డిగ్రీ విద్యార్థి, బల్లార్షా

పెంచడం కాదు, తగ్గించండి. ఇలాంటి మెయిళ్లు వరసగా వస్తున్నాయి. అందరూ ఆ రెండు అంకెల గురించే అడుగుతున్నారు, కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ రాయడం లేదు.

ఓవర్ వోల్టేజ్‌లో ఒక్కో మెట్టు 0.025 వోల్టులు. మీరు పెట్టిన 6 అంటే 0.15 వోల్టులు ఎక్కువ. వేడి వోల్టేజీ వర్గం లెక్కన పెరుగుతుంది. చంద్రపూర్ వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో, గాలాడని ప్లాస్టిక్ డబ్బాలో ఆ చిప్ 80 డిగ్రీలకు తొందరగానే చేరుతుంది. చేరగానే తన వేగం తనే తగ్గించుకుంటుంది. అంటే 1300 అని రాసి ఉన్నా మీరు ఆడేది తక్కువ వేగంతోనే.

హ్యాంగ్‌కు నా అనుమానం బ్యాటరీ మీద. 3.7 వోల్టుల సెల్‌ను 5 వోల్టులకు పెంచే చౌక బోర్డు, లోడ్ పడగానే జారిపోతుంది. పెద్ద రాస్‌బెర్రీ పై బోర్డులు 4.63 వోల్టుల కిందికి పోతే దాన్ని నమోదు చేస్తాయి, మీ జీరో బోర్డులో ఆ సౌకర్యం లేదు. అందుకే గేమ్ ఆడుతుండగా బోర్డుకు అందే వోల్టేజీని మల్టీమీటర్‌తో కొలిచి చూడండి. 5 వోల్టుల నుంచి బాగా పడిపోతుంటే వోల్టేజీ చాలడం లేదని అర్థం. సెల్ మీద 9900 ఎంఏహెచ్ అని ఉంటే అది నకిలీదే. ఆ సైజులో మంచి సెల్ ఇచ్చేది 3500 దరిదాపుల్లో.

ఆర్మ్ ఫ్రీక్ 1200, ఓవర్ వోల్టేజ్ 2, వేడి లాగేసే చిన్న హీట్‌సింక్. అక్కడితో ఆగండి. ప్లేస్టేషన్ 1 వరకు ఈ బోర్డుకు చాలావరకు ఓవర్‌క్లాకే (ఇలా వేగం పెంచడమే) అక్కర్లేదు. నింటెండో 64 మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. దీని గ్రాఫిక్స్ 2012 నాటి మొదటి రాస్‌బెర్రీ పై తరానిదే.

నన్ను నిజంగా టెన్షన్ పెట్టింది మీ ఉత్తరంలోని మిగతా రెండు ముక్కలు: టెలిగ్రామ్ ఇమేజ్, నాన్నగారి వైఫై. ఇమేజ్ అంటే గేముల మూట కాదు, మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని తయారుచేసిన మనిషెవరో మీకు తెలియదు, అయినా పూర్తి అధికారాలన్నీ అతని చేతిలో పెట్టారు. ఇలాంటివాటిలో ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే దారి) తెరిచి ఉండటం, యూజర్ 'పై', పాస్‌వర్డ్ 'రాస్‌బెర్రీ' అని పాతకాలంలాగే ఉండటం మామూలు. 2017లో లినక్స్ మల్‌డ్రాప్ 14 అనే మాల్వేర్ సరిగ్గా ఆ పాస్‌వర్డ్‌తోనే రాస్‌బెర్రీ పైల్లోకి దూరి, పాస్‌వర్డ్ మార్చేసి, క్రిప్టో మైనింగ్ చేయించి, తనలాంటి మరో బోర్డు కోసం వెతికింది. 2022 ఏప్రిల్‌లో ఆ డిఫాల్ట్ యూజర్‌నే అధికారిక ఓఎస్ నుంచి తీసేశారు. మీ కార్డులోని పాత ఇమేజ్‌కు ఆ మార్పు చేరదు.

అదే వైఫై మీద నాన్నగారి కంప్యూటర్ ఉంది. షేర్డ్ ఫోల్డర్‌లో ఊరివాళ్ల ఆధార్ స్కాన్‌లు, పాన్ కార్డులు, సాత్‌బారా (భూమి రికార్డు) కాగితాలు ఉంటాయి. అవి మీవి కావు, మిమ్మల్ని నమ్మి ఇచ్చినవాళ్లవి. ఈరోజే ఆ కార్డు తుడిచేయండి. పాత గేములు ఆడించే రెట్రోపై అనే సిస్టమ్ అధికారిక సైట్ నుంచి ఇమేజ్ దించుకోండి, మొదటి పనిగా పాస్‌వర్డ్ మార్చండి, ఎస్‌ఎస్‌హెచ్ ఆపేయండి. వైఫై కావాలంటే రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా పెట్టండి.

ఆన్‌లైన్‌లో అమ్మే రెడీమేడ్ హ్యాండ్‌హెల్డ్‌ల గురించీ ఇక్కడే చెప్పాలి. వేల గేములు నింపిన కార్డు, ఎన్నడూ అప్‌డేట్ రాని లినక్స్, అందరికీ ఒకటే రూట్ (పూర్తి అధికారాల) పాస్‌వర్డ్. దానికి వైఫై ఎందుకు పెట్టారు? మొదటిసారి ఆన్ చేయగానే పాస్‌వర్డ్ మార్చమని అడిగే ఒక్క స్క్రీన్ పెట్టడానికి తయారీదారుకు పైసా ఖర్చు లేదు. పిల్లల చేతికిచ్చే వస్తువు విషయంలో ఈ నిర్లక్ష్యాన్ని నేను క్షమించలేను. కొన్నవాళ్లు దాని వైఫై ఆపేశాకే పిల్లల్ని ఆడనివ్వండి.

ప్రశ్న: ఓవర్‌క్లాక్ చేశాక రంగుల స్క్రీన్ దగ్గరే ఆగిపోతోంది. బోర్డు పోయినట్టేనా?
– పర్లాకిమిడి పాఠకుడు

ఎక్కువసార్లు పోదు. కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టండి. బూట్ పార్టిషన్ విండోస్‌లో తెరుచుకుంటుంది. అందులో కాన్ఫిగ్ టెక్స్ట్ ఫైల్ తెరిచి, మీరు చేర్చిన లైన్ల ముందు హ్యాష్ గుర్తు పెట్టి సేవ్ చేయండి. రెండో పార్టిషన్‌ను చదవలేక విండోస్ 'ఫార్మాట్ చేయాలా' అని అడుగుతుంది. క్యాన్సిల్ నొక్కండి.