‘ఇత్తెకిమసు’ అంటే ‘వెళ్ళొస్తాను’

అమ్మాయీ,

నీ జపాన్ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. బాగుందనో బాగాలేదనో ఒక్క ముక్కలో తేల్చెయ్యకుండా ఇంత ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, పదకొండో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. “పొద్దున్నే బయల్దేరుతుంటే మేం దిగిన ఇంటి పెద్దావిడ గుమ్మం దాకా వచ్చి, నవ్వుతూ గుడ్‌బై చెప్పింది” అని రాశావు.

ఆవిడ గుడ్‌బై చెప్పి ఉండదమ్మా.

మీరు దిగింది మిన్షుకులో అన్నావు కదా. అంటే ఇంటివాళ్ళే నడుపుకునే చిన్న బస. అలాంటి చోట పొద్దున బయటికి వెళ్ళేవాళ్ళతో ఇంటివాళ్ళు అనే మాట “ఇత్తెరష్షై”. వెళ్ళి రండి అని. దానికి జతగా వెళ్ళేవాళ్ళు అనే మాట “ఇత్తెకిమసు”. ‘ఇత్తె’ అంటే వెళ్ళి, ‘కిమసు’ అంటే వస్తాను. వెళ్ళొస్తాను. ముక్కకి ముక్క మన మాటే. మన ఇళ్ళల్లో ఎవరైనా “పోతాను” అని నోరు జారితే పెద్దవాళ్ళు ఊరుకోరు, “వెళ్ళొస్తానని చెప్పు” అని గుమ్మంలోనే సరిదిద్దుతారు. ఆ పెద్దావిడ సాయంత్రం మళ్ళీ ఈ గడపకే రమ్మంటే, నువ్వు దాన్ని విడిపోయేటప్పటి మాటగా రాశావు. తప్పు నీ ఒక్కదానిది కాదు. నువ్వు జపాన్ గురించి చదివినవీ చూసినవీ అన్నీ ఇంగ్లీషువి. ఇంగ్లీషులో ఆ మాట లేదు. నీ దగ్గర ఉంది, పుట్టినప్పట్నుంచీ ఉంది, కానీ అక్కడికి వెళ్ళేటప్పుడు ఇంట్లో వదిలేసి వెళ్ళావు.

నీ వ్యాసంలో ‘క్రమశిక్షణ’ అన్న మాట తొమ్మిదిసార్లు వచ్చింది, ‘శుభ్రత’ ఏడుసార్లు. రైళ్ళు టైముకి రావడం, వీధిలో చెత్త కనపడకపోవడం నిజమే. కానీ అవి నువ్వు విమానం ఎక్కకముందే నీకు తెలుసు. వెళ్ళక ముందు తెలిసినదాన్ని వెళ్ళొచ్చాక రాస్తే పాఠకుడికి కొత్తగా ఏం అందుతుంది? ఆ పేజీలు తీసెయ్. వాటి గురించి ఇంక మాట్లాడను.

భాష దగ్గరికి వద్దాం. “జపనీస్ చాలా కష్టమైన భాష, వాక్యం మొత్తం తలకిందులుగా ఉంటుంది” అని రాశావు. ఎవరికి తలకిందులు? క్రియ చివర వస్తుంది, మనకీ అంతే. ‘టోక్యోకి’, ‘టోక్యో నుంచి’, ‘టోక్యో వరకు’ అని మనం పేరు వెనక తగిలించినట్టే వాళ్ళు ‘ని’, ‘కర’, ‘మదె’ తగిలిస్తారు. ప్రశ్న అడగాలంటే మనం ‘వస్తారు’ చివర దీర్ఘం తీసి ‘వస్తారా’ అంటాం, వాళ్ళు ‘కిమసు’ చివర ‘క’ పెడతారు. కొట్టులో ఒకావిడ నీ చేతిలో మిఠాయి ముక్క పెట్టి “తబెతె మితె కుదసై” అందని రాసి, ‘దయచేసి ప్రయత్నించండి’ అని అర్థం ఇచ్చావు. ‘తబెతె’ అంటే తిని, ‘మితె’ అంటే చూసి. “తిని చూడండి” అందమ్మా ఆవిడ! మన ఊళ్ళో మిఠాయి కొట్టాయన అనే మాటే అంది. తిని చూడ్డం, వెళ్ళి చూడ్డం, అడిగి చూడ్డం, ఇలా ప్రతి పనికీ వెనకాల ఒక ‘చూడ్డం’ కలుపుకోవడం మనకి ఊపిరంత సహజం. అలాంటిచోట ‘ప్రయత్నించండి’ అని రాస్తే ఆ కొట్టావిడ గొంతులోని చనువంతా పోయింది.

అన్నకీ తమ్ముడికీ ఇంగ్లీషులో ఒకటే మాట. వాళ్ళకి అన్న ‘అని’, తమ్ముడు ‘ఒతోతొ’, అక్క ‘అనె’, చెల్లెలు ‘ఇమోతొ’. పిల్లలు అన్నని పేరు పెట్టి పిలవరు, ‘ఒనీచన్’ అంటారు. మనం పేరు చివర ‘గారు’ చేర్చినట్టు వాళ్ళు ‘సన్’ చేరుస్తారు, సొంత పేరుకి మాత్రం ఎవరూ చేర్చుకోరు. ఇంగ్లీషు పుస్తకాలు ఈ సంగతికి అరపేజీ వివరణ ఇస్తాయి. మన పాఠకుడికి ఒక్క వాక్యం చాలు.

ఇంకోటి, నువ్వు గమనించావో లేదో. జపనీస్ మాటల్ని రాయడానికి ఇంగ్లీషు లిపి కన్నా మన లిపి బాగా కుదురుతుంది. ‘ఒబసన్’ అంటే పిన్నో అత్తో, ‘ఒబాసన్’ అంటే అమ్మమ్మో నాయనమ్మో. తేడా ఒక్క దీర్ఘం. ఇంగ్లీషు అక్షరాల్లో చాలాసార్లు రెండూ ఒకేలా రాసేస్తారు. ‘కితె’ అంటే వచ్చి, ‘కిత్తె’ అంటే పోస్టల్ స్టాంపు. తేడా ఒక్క ద్విత్వం. మనకి దీర్ఘం ఉంది, ద్విత్వం ఉంది, ఎ, ఒ హ్రస్వాలు కూడా ఉన్నాయి. నువ్వేమో ఇంగ్లీషు స్పెల్లింగు చూసి ‘కరోకే’ అని రాశావు. అది ‘కరఒకె’. చెవితో విని రాయి. మనం ‘బస్సు’, ‘గ్లాసు’, ‘బెల్టు’ అని చివర ఉకారం పెట్టుకున్నట్టే వాళ్ళూ ‘బసు’, ‘గురసు’, ‘బెరుతొ’ అని అచ్చు చేర్చుకుంటారు. ‘న్’, ‘మ్’ లాంటివి తప్ప హల్లుతో మాట ఆగిపోతే ఇద్దరికీ తోచదు.

తిండి గురించి నువ్వు రాసిన పేజీల్లో నాకు ఆకలి పుట్టలేదు. ‘రుచికరం’, ‘అద్భుతం’, ‘నోరూరించే’ అని రాసుకుంటూ పోయావు. వాటి బదులు అన్నం గురించి ఒక్క పేరా రాస్తే చాలేది. చేలో ఉన్నప్పుడు వరి, కోసి నూర్చాక వడ్లు, మర పట్టాక బియ్యం, వండాక అన్నం. వాళ్ళకీ నాలుగు మాటలున్నాయి: ‘ఇనె’, ‘మొమి’, ‘కొమె’, ‘గొహన్’. మనకి అన్నం అంటే భోజనం కూడా అయినట్టు, వాళ్ళకీ గొహన్ అంటే అన్నమూ అదే, భోజనమూ అదే. పొద్దుటి తిండి ‘అస గొహన్’, రాత్రి తిండి ‘బన్ గొహన్’. వరిని నమ్ముకుని బతికిన రెండు జాతుల నోట్లో ఈ మాటలు ఇలా నిలిచాయి. తినేముందు వాళ్ళు చేతులు జోడించి అనే “ఇతదకిమసు” అన్న మాటకి నువ్వు ‘భోజనం ప్రారంభిద్దాం’ అని అర్థం రాశావు. ఆ మాటకి మూలం నెత్తిన పెట్టుకోవడం. కొండ శిఖరాన్నీ, నడినెత్తినీ అదే మాటతో చెబుతారు. ప్రసాదం చేతిలో పడగానే కళ్ళకద్దుకునే మనిషికి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. ‘మహాప్రసాదం’ అంటే అర్థమైపోతుంది.

ఉప్పులో ఊరిన ఆ ఎర్రటి పండు సంగతి, ఉమెబొషి, నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు: “ప్లమ్ పచ్చడి, భరించలేని పులుపు.” నాకు బాధేసింది, ఎందుకంటే మనం రాయాల్సినది సరిగ్గా అక్కడే ఉంది. ఒకసారి జూలై చివర్లో వకయమ జిల్లాలో ఒక పల్లెలో ఉన్నాను. ఉమె కాయలకి ఆ ప్రాంతం పెట్టింది పేరు. నేనున్న ఇంటి వెనక ముసలమ్మ వెదురు తట్టల్లో కాయలు ఎండబెడుతోంది. ఒకదానికొకటి తగలకుండా పరిచింది. కాసేపటికోసారి వచ్చి చాప్‌స్టిక్స్‌తో ఒక్కో కాయనీ పట్టుకుని రెండో వైపుకి తిప్పుతోంది, తోలు చిరక్కుండా. జూన్‌లో కాయ దిగుతుంది. బరువులో దాదాపు అయిదో వంతు ఉప్పు వేసి, పైన బరువు పెట్టి జాడీలో ఉంచుతారు. నాలుగు రోజుల్లో ఊట పైకొస్తుంది. ఎర్ర షిసొ ఆకు నలిపి అందులో వేస్తే రంగు దిగుతుంది. వానలు వెనకబట్టాక కాయ తీసి మూడు రోజులు ఎండబెడతారు. కొందరు మళ్ళీ ఆ ఊటలోనే వేసుకుంటారు.

ఇది చదువుతుంటే నీకేం గుర్తొచ్చింది? ఉప్పులో మూడు రోజులు ఊరబెట్టి, పిండి, ముక్కని ఎండలో పెట్టి, మళ్ళీ ఊటలో కలపడం. మాగాయ! కారం, మెంతిపిండి ఉండవు, కాయ వేరు, పని మాత్రం అదే. ఆ ఎర్ర ఊటని వాళ్ళు ‘ఉమెజు’ అంటారు. ఆ పేరు చివరి ‘జు’కి అర్థం వెనిగరే, ఇంగ్లీషులోనూ దానికి ‘వెనిగర్’ అనే పేరు పెట్టారు. కానీ నిజానికి అది వెనిగర్ కాదు. ఊట. ఈ ఒక్క మాట రాసి ఉంటే మన పాఠకుడు ఆ జాడీ మూత తీసి వాసన చూసినట్టే. అక్కడి వానాకాలాన్ని ‘త్సుయు’ అంటారు. దాన్ని రాసే రెండు అక్షరాలకి అర్థం ‘ఉమె’, ‘వాన’. ఆ కాయ పండే రోజుల్లో పడే వాన అన్నమాట. ఇలాంటిది దొరికితే ఒక పేజీ ఇచ్చినా ఎక్కువ కాదు.

నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి, నువ్వూ దాని అంచుల్లోనే ఉన్నావు కాబట్టి. మొదటిసారి వెళ్ళొచ్చాక ఒక వారపత్రికలో, జపాన్‌లో శాకాహారికి లోటు లేదు, కూరగాయల నూడుల్స్ ప్రతి వీధిలో దొరుకుతాయి అని రాశాను. అక్కడ కాపురముంటున్న ఒక తెలుగావిడ చదివి ఉత్తరం రాసింది. మన చారుకి కందిపప్పు కట్టు ఎలాగో, వాళ్ళ పులుసులన్నిటికీ కింద ‘దషి’ ఉంటుందని, చాలాచోట్ల అది ఎండబెట్టి పొగబెట్టిన చేపని తరిగి, మరిగించి తీసిన నీళ్ళని చెప్పింది. పైన తేలే ముక్కలు చూసి రాశాను, కింద ఏముందో అడగలేదు. నా వ్యాసం నమ్ముకుని వెళ్ళినవాళ్ళు ఎందరు తిన్నారో అన్న బాధ ఇప్పటికీ పోలేదు. నువ్వూ ‘వెజ్ ఉదొన్’ నూడుల్స్ అని రాశావు. అడిగావా? అడిగి ఉండకపోతే ఆ వాక్యం తీసెయ్. కొంబు అనే సముద్రపు నాచుతో, ఎండు పుట్టగొడుగులతో మాత్రమే కట్టు తీసే వంట కూడా ఉంది, ‘షోజిన్ ర్యోరి’. గుళ్ళల్లో సన్యాసులు తినేది. ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. ఆ కొంబులోంచే 1908లో ఇకెద అనే రసాయన శాస్త్రవేత్త ‘ఉమమి’ రుచికి కారణం పట్టుకున్నాడు. మన షడ్రుచుల లెక్కలో దానికి పేరు లేదు. అక్కడ మాత్రం వాళ్ళ మాట వాళ్ళ మాటగానే ఉంచెయ్యి.

షోజిన్ తిండి కోసం ఈసారి కోయసన్ వెళ్ళు. 816లో కూకై అనే సన్యాసి మొదలుపెట్టిన ఆశ్రమాల కొండ. గుళ్ళల్లోనే బస ఇస్తారు. కూకై 835లో సమాధిలో కూర్చున్నారని, ఇంకా ధ్యానంలోనే ఉన్నారని అక్కడి నమ్మకం. ఇప్పటికీ రోజూ రెండుసార్లు ఆయనకి భోజనం మోసుకెళ్తారు. తెల్లటి కొయ్య పెట్టెలో పెట్టి, ఇద్దరు సన్యాసులు భుజాన వేసుకుని నడుస్తారు. దారిలో ‘అజిమి జిజో’ అని చిన్న గుడి ఉంది. ‘అజిమి’ అంటే రుచి చూడ్డం. ముందు అక్కడ చూపించి, తరవాత లోపలికి తీసుకెళ్తారు. నైవేద్యం తెలిసినవాళ్ళం మనం. నిశ్శబ్దంగా నిలబడి చూడు, ఫొటో కోసం అడ్డం వెళ్ళకు.

అక్కడి దేవదారు చెట్ల కింద రెండు లక్షలకు పైగా సమాధులున్నాయి. ఎన్నో రాళ్ళు అయిదు అంతస్తులుగా ఉంటాయి: కింద చదరం, పైన గుండ్రం, ఆపైన కోణం, అర్ధచంద్రం, కొసన మణి. పృథ్వి, జలం, అగ్ని, వాయువు, ఆకాశం. వాటి మీద చెక్కే సిద్ధం లిపి (సంస్కృతం రాసే ఒక పాత లిపి) అక్షరాలు అ, వ, ర, హ, ఖ. కూకై నెలకొల్పిన షింగొన్ అనే బౌద్ధ సంప్రదాయపు గురుపరంపరలో నాగార్జునుడూ ఉన్నాడు. జపాన్‌లో ఆయన్ని ‘ర్యూజు’ అంటారు. ఆ పేరు రాసే అక్షరాలకి అర్థం నాగం, వృక్షం.

ఇక్కడ నీ చెయ్యి పట్టుకుని ఆపాలి. ఇంత దూరం వచ్చాక “చూశారా, అంతా మన దగ్గర్నుంచే వెళ్ళింది” అని రాయాలని గట్టిగా అనిపిస్తుంది. రాయకు. ఆ బౌద్ధ గ్రంథాలు సంస్కృతం నుంచి చైనా భాషలోకి మారి, వందల ఏళ్ళు అక్కడి పండితుల చేతుల్లో నలిగి, తరవాత సముద్రం దాటాయి. మోసినవాళ్ళందరిదీ అది. భాష సంగతీ అంతే. జపనీస్‌కి తమిళంతో చుట్టరికం ఉందని ఓనొ సుసుము అనే పండితుడు వాదించాడు, కానీ భాషాశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. పోలిక కనపడితే పోలిక రాయి, బంధుత్వం కలపకు. పోలిక తెగే చోటు కూడా రాయి. మనకి ‘మీరు’ అంటే మర్యాద. వాళ్ళ నిఘంటువులో ‘మీరు’కి ‘అనత’ అని ఉంటుంది, కానీ ఎదుటిమనిషిని అలా పిలిస్తే ఎడంగా వినిపిస్తుంది, పేరుకి ‘సన్’ చేర్చడమే మంచిది. అన్నం గిన్నెలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చితే పెద్దవాళ్ళ మొహం మారిపోతుంది, చనిపోయినవాళ్ళ తల దగ్గర అన్నం అలా పెడతారు కాబట్టి. ఇవి తెలుగు నీకు చెప్పదు. అక్కడివాళ్ళని అడగాలి.

వ్యాసం మళ్ళీ రాయి. పదిరోజులూ వద్దు, ఆ ఇల్లు ఒక్కటి చాలు. పొద్దున “ఇత్తెరష్షై” అన్నప్పుడు ఆవిడ ఎక్కడ నిలబడింది, చేతిలో ఏముంది, మీ చెప్పులు ఎటు తిప్పి పెట్టింది? సాయంత్రం చీకటి పడ్డాక మీరు తలుపు జరిపి లోపలికి అడుగుపెట్టారు కదా. బయటి నుంచి వచ్చినవాళ్ళు “తదైమ” అంటారు, వచ్చేశానని. ఇంట్లోవాళ్ళు “ఒకయెరి” అంటారు, వచ్చారా అని. ఆవిడ ఏమంది? నువ్వేం అన్నావు? ఆ రెండు మాటలూ గుర్తుంటే ముందు అవి రాసి పంపు.

ఆశీస్సులతో.