ఎండలో షటర్ జోలికి వెళ్లకు

చిన్నీ,

షార్ట్ ఫిల్మ్‌కి కెమెరా నువ్వే పట్టుకుంటున్నావని అమ్మ చెప్పింది. ఎంత పొంగిపోయానో! సగం సీన్లు పట్టపగలు ఆరుబయటే అని వినేసరికి గుబులు పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

తేలికైనవి ముందు చెప్పేస్తా. డయల్ మాన్యువల్‌లో ఉండాలి. వైట్ బ్యాలెన్స్ (తెలుపుని తెలుపుగా చూపించే సెట్టింగ్) ఎండకి 5600, పసుపు బల్బులకి 3200 కెల్విన్ దగ్గర పెట్టి, సీన్ అయ్యేదాకా కదపకు. పిక్చర్ స్టైల్ న్యూట్రల్. బ్యాటరీలు, కార్డులు రెండేసి.

ఇక అసలు సంగతి. ఎండలో బొమ్మ మరీ తెల్లగా అయిపోగానే చెయ్యి షటర్ మీదికే పోతుంది, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుతురు లోపలికి వచ్చే సేపు మీదికి. 1/50 సెకను కాస్తా 1/1000 అవుతుంది. వెలుతురు సర్దుకుంటుంది, కెమెరా వెనకాల బుల్లితెర మీద ముచ్చటగానే ఉంటుంది. పెద్ద తెర మీద వేశాక చూస్తే నడిచే మనిషి టకటకా ముక్కలుగా కదులుతాడు. ఒకప్పుడు నేనూ ఈ తప్పు చేసినవాణ్ణే, అందుకే గట్టిగా చెబుతున్నా. సెకనుకి 25 ఫ్రేములు తీస్తుంటే షటర్ సెకనులో యాభయ్యో వంతు సేపు తెరుచుకోవాలి. ఆ కాస్తలో కదిలే చెయ్యి కొద్దిగా అలుక్కుపోతుంది. ఆ అలుకుడే ఒక ఫ్రేముని పక్కదానితో కలుపుతుంది. 1/1000లో ప్రతి ఫ్రేమూ కత్తితో కోసినట్టు విడిగా ఉంటుంది, కంటికి కుదుపు తగులుతుంది. ఎడిటింగ్‌లో బ్లర్ కలుపుదామనుకోకు. వేళ్ల అంచుల దగ్గర దొరికిపోతుంది.

మరి ఎండ ఆపేదెలా? ఎన్‌డీ ఫిల్టర్, అంటే లెన్స్‌కి చలువ కళ్లజోడు. లెక్క చూడు. నిండు ఎండలో ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) 100, షటర్ 1/50 పెడితే అపర్చర్, అంటే లెన్స్ లోపలి కన్నం, ఎఫ్22 దాకా మూయాలి. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నదవుతుంది. అంత మూస్తే బొమ్మ పదును పోతుంది, సెన్సర్ మీది దుమ్ము చుక్కలుగా కనబడుతుంది. నీకు ఎఫ్2.8 కావాలంటే ఆరు స్టాపుల వెలుతురు కోయాలి, ఒక్కో స్టాపుకీ వెలుతురు సగమవుతుంది. ఎన్‌డీ64 సరిగ్గా ఆరు కోస్తుంది. తిప్పే రకం కొంటే చివరిదాకా తిప్పకు. వైడ్ లెన్స్‌లో ఆకాశం మీద నల్లటి ఇంటూ గుర్తు పడుతుంది.

వెలుతురు విషయంలో తెరని నమ్మకు తల్లీ, హిస్టోగ్రామ్ చూడు, అంటే నీడల్ని ఎడమన, వెలుగుల్ని కుడిన చూపే గ్రాఫ్. కుడి గోడకి గుద్దుకుంటే తెల్లచొక్కా, నుదురు కాలిపోయినట్టే. అక్కడ ఫైల్లో ఏమీ మిగలదు, ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. అలాగని మరీ చీకటిగానూ తీయకు. 8 బిట్ ఫైల్‌లో రంగుల మెట్లు తక్కువ, తర్వాత వెలుతురు పైకి లేపితే నీడల్లో నాయిస్ (గరుకు చుక్కలు), చారలు లేస్తాయి. 18-55 కిట్ లెన్స్‌ని పూర్తిగా తెరిచి షాట్ మధ్యలో జూమ్ చేయకు. ఎఫ్3.5 నుంచి 5.6కి జారి బొమ్మ మసకబారుతుంది.

ఇంట్లో లైట్లు మినుకుమంటే 50 హెర్ట్జ్ కరెంటుకి 1/50, 60 హెర్ట్జ్‌కి 1/60 పెట్టు. పాన్, అంటే కెమెరాని పక్కకి తిప్పడం, నెమ్మదిగా చెయ్యి. ఒక స్తంభం ఈ అంచు నుంచి ఆ అంచుకి చేరడానికి ఏడు సెకన్లు పట్టాలి. తొందరపడితే స్తంభాలు పక్కకి ఒరిగిపోతాయి. ప్రతి షాట్‌కీ ముందూ వెనకా అయిదేసి సెకన్లు వదులు.

ఫిల్టర్ కొనేముందు లెన్స్ మూతి మీద సున్నాకి అడ్డగీత గుర్తు పక్కనున్న అంకె చూసుకో. 58 అని ఉంటే 58 మిల్లీమీటర్లది తీసుకోవాలి. ఆ ఎండలో టోపీ పెట్టుకో, నీళ్లు తాగుతూ ఉండు. మొదటి రోజు ఫుటేజ్ కోయకుండా అలాగే పంపు, చూస్తాను.

నీ పెదనాన్న