చండీగఢ్ వెళ్లే ముందు

అమ్మలూ,

చండీగఢ్ వెళ్తున్నావని, అక్కడి హైకోర్టు, అసెంబ్లీ, సెక్రటేరియట్ ఉన్న క్యాపిటల్ కాంప్లెక్స్‌ని బ్లాక్ అండ్ వైట్‌లో తీస్తానంటున్నావని అమ్మ చెప్పింది. సంతోషం. మొదటిసారి నేను చేసిన తెలివితక్కువ పని మాత్రం నువ్వు చేయకు.

కెమెరాలో మోనోక్రోమ్ పెట్టి, ఒట్టి జేపెగ్‌లో తీసుకుంటూ పోయాను. హైకోర్టు ముందు మూడు భారీ స్తంభాలుంటాయి. ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. ఇంటికొచ్చి చూస్తే ఆకుపచ్చదీ ఎర్రదీ ఒకే బూడిద రంగు! ఆ జేపెగ్‌లో రంగులు మిగలవు, ఇక చేసేదేముంది? నువ్వు రా ఫైల్‌గా తియ్యి, అంటే కెమెరా చూసింది చూసినట్టు దాచుకునే ఫైల్. మోనోక్రోమ్ పెట్టుకున్నా నలుపు తెలుపు తెర మీదే, ఫైల్లో రంగులన్నీ ఉంటాయి. తర్వాత కంప్యూటర్లో నలుపు తెలుపుగా మార్చేటప్పుడు ఒక్కో రంగు ఎంత తెల్లగా రావాలో చెప్పే స్లైడర్లుంటాయి. ఎరుపు స్లైడర్ పెంచి, ఆకుపచ్చ తగ్గించు. ఏ స్తంభం ఆ స్తంభంగా విడిపోతుంది. నీలం తగ్గిస్తే ఆకాశం నల్లబడి కాంక్రీటు ముందుకొస్తుంది. మరీ లాగావో, ఆకాశమంతా ఇసుక చల్లినట్టు నాయిస్ తేలుతుంది.

ఇక ఎండ. ఆ భవనాల ఆర్కిటెక్ట్ లె కార్బూజియే ఆ గోడల ముందు గళ్లుగళ్లుగా కాంక్రీటు పలకలు పెట్టించింది ఎండను ఆపడానికే. మబ్బు పట్టిన రోజున వాటిలో నీడ ఉండదు, గోడ అట్టముక్కలా వస్తుంది. అసెంబ్లీ ముఖం మీద పొద్దున ఎండ, ఎదురుగా ఉన్న హైకోర్టు మీద మధ్యాహ్నం దాటాక. పక్కనుంచి ఎండ పడుతుంటే దగ్గరికి వెళ్లి చూడు. ప్లాస్టరింగ్ లేదు కదా, సెంట్రింగ్ అచ్చుల అతుకులు కూడా గీత గీతగా కనిపిస్తాయి. డిసెంబరు, జనవరిలో పొగమంచు గొడవ, వద్దు.

కెమెరా పైకెత్తకు, గోడలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. నిటారుగా పట్టుకుని నువ్వే వెనక్కి నడు, కింద ఎక్కువైన నేల తర్వాత కత్తిరించుకోవచ్చు. సెక్రటేరియట్ 254 మీటర్ల పొడవు. అంతా ఒకే ఫ్రేములో ఇరికించాలని చూడకు, ఒక మూల చాలు.

గైడుతోనే లోపలికి పంపుతారు, గుర్తింపు కార్డు మర్చిపోకు. ట్రైపాడ్ మోసుకెళ్లకు, ఎండలో లెన్స్ ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్8 పెట్టి చేత్తోనే తీయొచ్చు. అక్కడే ఉన్న తెరిచిన అరచేతి శిల్పం, ఓపెన్ హ్యాండ్, 26 మీటర్ల ఎత్తు, గాలికి తిరుగుతుంది. అంచు మాత్రమే కనిపిస్తుంటే కాసేపు ఆగు.

ఆ స్తంభాల ఫోటో మాత్రం రా ఫైలే పంపు. నేనూ ఒకసారి స్లైడర్లు జరిపి చూస్తాను.

మామయ్య