స్టీమ్ ఇంజిన్ డ్రాయింగ్‌ల వేటలో ఉచిత జిప్ ఫైళ్లు

ప్రశ్న: బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే నడిపిన ఎన్ క్లాస్ గ్యారట్ ఇంజిన్‌కు (ఒకే బాయిలర్ కింద ముందూ వెనకా రెండు చక్రాల యూనిట్లు ఉండే స్టీమ్ ఇంజిన్) హెచ్‌వో స్కేలులో, అంటే అసలు సైజులో 87వ వంతుగా, మోడల్ తయారు చేయాలనుకుంటున్నాను. అసలు డ్రాయింగ్‌ల పూర్తి సెట్ అంటూ ఒక జిప్ ఫైలు ఉచితంగా దొరికింది. తెరిచేముందు యాంటీవైరస్ ఆపమని అందులో రాసి ఉంది. ఆపవచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆపకండి. ఆ జిప్ ఫైలును తెరవకుండానే తొలగించండి. పాత యంత్రాల డ్రాయింగ్‌లు, మాన్యువళ్లు వెతికేవారి నుంచి ఇదే ప్రశ్న పదేపదే వస్తోంది. డ్రాయింగ్ చూడటానికి యాంటీవైరస్ ఆపవలసిన అవసరం ఎన్నడూ ఉండదు.

ఇలా ముందే అడిగే ఫైలు కన్నా, ఏమీ అడగకుండా పని కానిచ్చుకునే ఫైలు గురించే నాకు ఎక్కువ ఆందోళన. 2012లో పెరూలో బయటపడిన ఒక వార్మ్ (తనంతట తానే వ్యాపించే హానికర ప్రోగ్రాము), కాడ్ డ్రాయింగ్ (కంప్యూటర్‌లో గీసిన ఇంజినీరింగ్ డ్రాయింగ్) ఉన్న ఫోల్డర్‌లోనే చిన్న స్క్రిప్ట్ ఫైలుగా దాగి ఉండేది. డ్రాయింగ్ తెరవగానే కాడ్ సాఫ్ట్‌వేర్ ఆ స్క్రిప్టును తనంతట తానే నడిపేది. అక్కడి నుంచి ఆ కంప్యూటర్‌లో తెరిచిన డ్రాయింగ్‌లన్నీ చైనాలోని ఈమెయిల్ ఖాతాలకు వెళ్లిపోయేవి. అలా వేలాది డ్రాయింగ్‌లు చోరీ అయ్యాయి. ఆ కాడ్ సాఫ్ట్‌వేర్ తర్వాతి వెర్షన్‌లు స్క్రిప్ట్ నడపాలా అని అడుగుతున్నాయి గానీ, చదవకుండానే సరే అని నొక్కేవారికి ఆ హెచ్చరిక వల్ల ప్రయోజనం లేదు. మోడల్ పనికీ ఆఫీసు పనికీ ఒకే లాప్‌టాప్ వాడుతుంటే నష్టం మీ ఒక్కరితో ఆగదు. దీనికి తోడు, ఫైలు పేరు చివర దాని రకాన్ని తెలిపే ఎక్స్‌టెన్షన్‌ను దాచిపెట్టే పద్ధతిని విండోస్ ఆపరేటింగ్ సిస్టమ్ దశాబ్దాలుగా డిఫాల్ట్‌గా కొనసాగిస్తోంది. అందువల్లే ‘గ్యారట్.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ’ అనే ప్రోగ్రాము మీకు ‘గ్యారట్.పీడీఎఫ్’ అనే కాగితంలా కనబడుతుంది. ఇది క్షమించరాని అజాగ్రత్త. ఆ సెట్టింగును ఈరోజే మార్చండి.

ఇక అసలు డ్రాయింగ్‌ల సంగతి. ఇంజిన్ ఎవరు కట్టారో వారి రికార్డులు ఎక్కడికి చేరాయో వెతకడమే సరైన దారి. వాల్తేరు వరకూ వచ్చిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కోసం ఎన్ క్లాస్‌ను కట్టింది మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్. 1966లో మూతపడిన ఆ సంస్థ రికార్డులు అదే నగరంలోని సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంలో ఉన్నాయి. గ్లాస్గోలోని నార్త్ బ్రిటిష్ కంపెనీ కట్టిన ఇంజిన్‌లకైతే గ్లాస్గో విశ్వవిద్యాలయ ఆర్కైవ్స్‌ను అడగాలి.

స్కాన్ చేతికొచ్చాక కూడా అంకెలను గుడ్డిగా నమ్మకండి. 2013లో జర్మనీలో ఒక కంప్యూటర్ శాస్త్రవేత్త ఇంటి ప్లాన్‌ను స్కాన్ చేస్తే, 17.42 చదరపు మీటర్ల గది 14.13గా మారి వచ్చింది. స్కానర్‌లో ఫైలు సైజు తగ్గించే కంప్రెషన్ పద్ధతి ఒకేలా కనిపించిన అంకెల గుంపులను ఒకదాని స్థానంలో మరొకటి పెట్టేసింది. మసకబారితే మనకు అనుమానం వస్తుంది. స్పష్టంగా ముద్రించిన తప్పు అంకెను ఎవరు అనుమానిస్తారు? కాబట్టి విడి కొలతలను కూడి మొత్తం కొలతతో సరిచూడండి. ఢిల్లీ నేషనల్ రైల్ మ్యూజియంలో ఎన్ క్లాస్ 815 ఉంది, అనుమానమున్న భాగాన్ని దానితో పోల్చుకోవచ్చు. ప్రింట్ తీసేటప్పుడు ‘కాగితానికి సరిపెట్టు’ అనే ఆప్షన్ ఆపకపోతే స్కేలు మొత్తం పోతుంది.

స్కేలు విషయంలో ఇంకో చిక్కు ఉంది. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, 87వ వంతుకు తగ్గిస్తే దాదాపు 19.3 మిల్లీమీటర్లు వస్తుంది. బజారులో దొరికే హెచ్‌వో ట్రాక్ మాత్రం 1435 మిల్లీమీటర్ల గేజ్‌కు సరిపోయే 16.5 మిల్లీమీటర్లది. ఏ ట్రాక్ మీద నడపాలో ముందే నిర్ణయించుకోండి, ఫ్రేము వెడల్పు దాన్నిబట్టే మారుతుంది. మాంచెస్టర్ మ్యూజియానికి రాసేటప్పుడు రైల్వే పేరు, క్లాస్, చక్రాల అమరిక 4-8-0+0-8-4, తెలిస్తే ఆర్డర్ నంబరు ఇవ్వండి. ముందుగా ఇంజిన్ మొత్తం అమరికను చూపే జనరల్ అరేంజ్‌మెంట్ డ్రాయింగ్ అడిగి, కంప్రెస్ చేయని టిఫ్ స్కాన్ కావాలని స్పష్టంగా రాయండి.